గుమ్మం ఎక్కడ పెడదాం?
(నాటక శిక్షణ శిబిరంలో రంగాలంకరణపై, అంటే వేదిక మీద సెట్టు వేయడంపై, చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నటన గురించి, వాచికం అంటే మాట పలికే తీరు గురించి మాట్లాడేవాళ్ళు మనకు కావలసినంతమంది ఉన్నారు. సుత్తి పట్టుకునేవాణ్ణి మైకు ముందుకు పిలవడం మాత్రం అరుదు. పిలిచారు కాబట్టి కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

నాటకం ఖాయమైన రోజు దర్శకుడు నాతో సాధారణంగా రెండు మాటలు అంటాడు. తెర లేవగానే చప్పట్లు పడాలి. ఖర్చు మాత్రం కాకూడదు. రెండూ విని తల ఊపి, నేను ఒకటే అడుగుతాను: గుమ్మం ఎక్కడ పెడదాం? చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. "అదేముందండీ, ఎక్కడో ఒకచోట పెట్టండి" అంటారు. ఎక్కడో ఒకచోట పెడితే నాటకం కూడా ఎక్కడో ఒకచోటికి పోతుంది. అప్పులవాడు లోపలికి వచ్చేటప్పుడు ఇంటి యజమాని ముఖం మనకు కనిపించాలా, అప్పులవాడి ముఖం కనిపించాలా? కూతురు ఇల్లు వదిలి వెళ్తుంటే నాలుగడుగుల్లో గుమ్మం దాటాలా, వేదిక అంతా నడిచి దాటాలా? ఇవి తేలితే సగం సెట్టు తేలినట్టే. గోడకు ఏ రంగు వేయాలన్నది తర్వాతి సంగతి.

తెర లేవగానే పడే చప్పట్లంటే నాకు కొంచెం భయం కూడా. ఆ చప్పట్లు సెట్టుకు పడ్డాయి సరే, తర్వాతి గంటసేపు అది ఏం పని చేస్తుంది? నటుల కాళ్ళకు అడ్డం పడకుండా ఉంటే చాలదు. వాళ్ళకు నడవడానికి, ఆగడానికి, ఆనుకోవడానికి, చాటుకు పోవడానికి చోటు ఇవ్వాలి.

చోటు ఇవ్వడానికి గోడలే అక్కర్లేదని మన పెద్దలు ఏనాడో చూపించారు. కూచిపూడి భామాకలాపంలో ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకుంటారు. సత్యభామ ఆ తెర వెనక నిలబడి జడ ఇవతలికి వేస్తుంది. మేడ లేదు, స్తంభం లేదు. అయినా అంతఃపురం వచ్చేసింది, అందులో ఉన్న మనిషి అహంకారం కూడా వచ్చేసింది. నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగం అని ఒక పద్ధతి చెప్పారు. పాత్ర రంగం మీద ఒక చుట్టు తిరిగితే ఊరు మారిందని ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. అదే గ్రంథం నాటకశాల కొలతలు కూడా చెప్పింది. మనుషులకు పనికొచ్చే నాటకశాల 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు ఉండాలి (హస్తం అంటే మూర). అంతకన్నా పెద్దదైతే మాట స్పష్టంగా వినపడదు, ముఖంలో భావం కనపడదు అని కారణం కూడా చెప్పింది. ఇవాళ పెద్ద పెద్ద ఆడిటోరియంలు కట్టేవాళ్ళు ఆ ఒక్క అధ్యాయం చదివినా బాగుండేది.

మరి మనకు గీసిన తెరలు ఎలా వచ్చాయి? పందొమ్మిదో శతాబ్ది చివర్లో పార్శీ నాటక కంపెనీలు, ధార్వాడ నాటక సమాజం వంటివి ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చాయి. దర్బారు, ఉద్యానవనం, అరణ్యం, వీధి: ఇలా దృశ్యానికో తెర. మనవాళ్ళకు ఆ మోజు పట్టుకుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ఒక పెళ్ళి సందర్భంగా కీచకవధ ఆడించారు. అలా పుట్టిన సురభి కుటుంబాలు ఆ తెరల విద్యను ఇప్పటికీ మోస్తున్నాయి. పిల్లలు వేషాలు కట్టే వయసుకే తాళ్ళు లాగడం నేర్చుకునే కుటుంబాలవి. నటుడే రంగులు వేస్తాడు, వడ్రంగమూ చేస్తాడు, లైట్లూ చూస్తాడు.

సురభి వాళ్ళ మాయాబజార్ చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. సగం మంది ఉన్నారు, సంతోషం. మిగతా సగం ఈ ఏడాది తప్పకుండా చూడండి. చూసినవాళ్ళు అందరూ బాణాల గురించే చెబుతారు. ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి గాలిలో వచ్చి ఢీకొని నిప్పురవ్వలు రాలతాయి. నారదుడు మేఘాల మీద దిగుతాడు, ఘటోత్కచుడు గాలిలోకి లేస్తాడు. నిజమే, అవి అద్భుతాలే. కానీ పనివాడి కన్నుతో చూస్తే అక్కడ రెండు విషయాలు నేర్చుకోవాలి.

మొదటిది వెలుతురు. అటువంటి తంత్రానికి సన్నటి తీగ కావాలి, నల్లదారం కావాలి, పక్కన తెర చాటున తాడు లాగే నమ్మకమైన చెయ్యి కావాలి. ఇవన్నీ బజారులో దొరుకుతాయి, చెయ్యి తప్ప. కానీ తీగ వెనకాల వెలుతురు పడితే మొత్తం బట్టబయలవుతుంది. వెనక తెర ముదురు రంగులో ఉండాలి, దీపం ముందునుంచి, పక్కనుంచి మనిషి మీదే పడాలి, తీగ మీద మెరుపు తగలకూడదు. అంటే తెర మీద అడవి గీసే చిత్రకారుడు చెట్ల ఆకులకు అంత ముదురు ఆకుపచ్చ ఎందుకు వేశాడో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. అది అందం కోసం మాత్రమే వేసింది కాదు.

రెండోది లోతు. గీసిన తెరల నాటకంలో దృశ్యాలు ఒకటి విడిచి ఒకటి లోతు మారతాయి. ముందు తెర దించి దాని ముందు సన్నటి జాగాలో ఇద్దరు వీధిలో మాట్లాడుకుంటారు. తరచు అది హాస్యమే. ప్రేక్షకులు నవ్వుతున్న ఆ కాసేపట్లో తెర వెనక సింహాసనం, మెట్లు, స్తంభాలు చేరిపోతాయి. వీధి తెర లేచేసరికి కొలువు సిద్ధంగా ఉంటుంది. సెట్టు మార్చడానికి నాటకాన్ని ఆపరు, నాటకంలోనే ఆ సమయం దాచిపెడతారు. ఇవాళ మనం దృశ్యానికీ దృశ్యానికీ మధ్య దీపాలు ఆర్పేసి, చీకట్లో కుర్చీలు ఈడ్చుకుంటూ, ఆ చప్పుడు వినపడకుండా సంగీతం పెంచుతున్నాం. వందేళ్ళు వెనక్కి వెళ్ళి నేర్చుకోవలసిన విద్య ఇది.

గీసిన తెరకు ఒక ఇబ్బంది ఉంది. తెర మీద స్తంభం గీశారు, బాగానే ఉంది. నటుడు దాన్ని ఆనుకోలేడు. దాని నీడ ఒకవైపు గీసి ఉంటుంది, నటుడి నీడ ఇంకోవైపు పడుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన రంగశిల్పి అడాల్ఫ్ ఆపియా ఈ గొడవే పట్టుకున్నాడు. మనిషికి పొడవు, వెడల్పు, మందం ఉన్నాయి, వాడి వెనక బల్లపరుపు బొమ్మ పెడితే ఎలా కలుస్తుందని అడిగి, తెరల బదులు మెట్లు, అరుగులు, వెలుతురు చాలన్నాడు. ఇది వినగానే కొంతమంది కుర్రాళ్ళు మూడు నల్ల చెక్క పెట్టెలు వేదిక మీద పడేసి ఆధునిక రంగాలంకరణ అంటున్నారు. పెట్టె ఎక్కడానికో దిగడానికో పనికొస్తే సరే, ఊరికే పడి ఉంటే అది సామాను.

ఇక మన సాంఘిక నాటకం సంగతి. మూడు గోడల గది. మధ్యలో సోఫా, దాని ముందు టీపాయి, కుడివైపు వంటింటి గుమ్మం, ఎడమవైపు వీధి గుమ్మం, నడిమి గోడకు దండ వేసిన తాతగారి ఫోటో. నాటక పరిషత్తుల పోటీల్లో వరసగా నాలుగు నాటికలు చూడండి, అదే ఇల్లు నాలుగుసార్లు కనిపిస్తుంది. గుమాస్తా అయినా అదే, కాంట్రాక్టరు అయినా అదే. తప్పంతా కళాకారులదని నేను అనను. ఒక నాటికకీ ఇంకో నాటికకీ మధ్య ఇచ్చే వ్యవధి కొద్ది నిమిషాలే. వ్యానులో పట్టాలి, ఇద్దరు మనుషులు మోయగలగాలి, చకచకా నిలబెట్టాలి, ఆట కాగానే అంతే చకచకా ఖాళీ చేయాలి. అందుకే అందరూ తేలికైన దానికే మొగ్గుతారు. కానీ అదే వ్యానులో, అదే వ్యవధిలో ఆ ఇల్లు వేరే ఇల్లు కావచ్చు. సోఫా మధ్యలోంచి తీసి, వీపు ప్రేక్షకుల వైపు ఏటవాలుగా తిప్పి పెట్టండి. దాని వెనక నిలబడ్డ మనిషికి ఒక కోట గోడ దొరుకుతుంది. వంటింటి గుమ్మం పక్క గోడకు కాకుండా నడిమి గోడకు పెట్టండి. అక్కడ నిలబడి వింటున్న కోడలు ఒక్క మాటా అనకుండా నాటకాన్ని నడుపుతుంది.

నోటిమాటగా చెబితే గాలిలో పోతుంది. ఒక నాటకం పట్టుకుందాం. మీ అందరికీ తెలిసిందే, కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశారు. ఆ రెండో కూర్పు మొత్తం ఆడాలంటే చాలా గంటలు పడుతుంది, అందుకని ఎవరికి వాళ్ళు కుదించుకుంటారు. సెట్టు వేసేవాడికి అది పెద్ద పరీక్ష. విజయనగరంలో బొంకులదిబ్బ, మధురవాణి గది, కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధాన్లు ఇల్లు, రామచంద్రపురం అగ్రహారంలో రామప్పపంతులు ఇల్లు, లుబ్ధావధాన్లు ఇల్లు, చివరికి విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు గారి గది. ఒక్కోదానికి ఒక్కో సెట్టు వేస్తే రెండు లారీలు కావాలి.

ముందు కాగితం తీసుకుని స్థలాలు రాయను. ఎవరు ఎక్కడ దాక్కుంటారు, ఎవరు ఎటు పరిగెత్తుతారు అని రాస్తాను. మొదటి అంకంలో మధురవాణి గది చూడండి. గిరీశం వస్తున్నాడని రామప్పపంతులు మంచం కింద దూరతాడు. తర్వాత పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వస్తుంటే గిరీశం కూడా అదే మంచం కింద దూరతాడు. దెబ్బలు మాత్రం పంతులుకు తగులుతాయి. ఈ దృశ్యం మొత్తం మంచం మీద కాదు, మంచం కింద ఉంది. అయినా నేను చూసిన చాలా ప్రదర్శనల్లో మంచానికి నేలదాకా దుప్పటి కప్పి, ఇద్దరు నటులనూ అందులో పాతిపెట్టేశారు. ప్రేక్షకుడికి వినిపించేది గొణుగుడు, కనిపించేది దుప్పటి.

కాబట్టి ఈ సెట్టుకు గుండెకాయ ఆ మంచం. మామూలు మంచం కింద అడుగు, అడుగున్నర ఖాళీ ఉంటుంది. ముందు వరస వాళ్ళ కళ్ళు దాదాపు వేదిక నేల ఎత్తులోనే ఉంటాయి, వాళ్ళకు మంచం కింద అంతా కనిపిస్తుంది. ఇబ్బంది బాల్కనీ వాళ్ళతో. పైనుంచి చూసేవాడి చూపు మంచం పట్టెకు, అంటే పక్క చట్రానికి, తగిలి ఆగిపోతుంది. బాల్కనీ చూపు సుమారు 25 డిగ్రీల వాలుతో దిగుతుందనుకోండి. పట్టె కింద అడుగు ఖాళీ ఉంటే నేల మీద రెండడుగుల లోపలిదాకానే కనిపిస్తుంది. రెండడుగుల ఖాళీ ఉంటే నాలుగడుగులకు పైగా కనిపిస్తుంది. ఇద్దరు మగవాళ్ళు బోర్లా పడుకుని తలలు ప్రేక్షకుల వైపు పెడితే, ఆ ముఖాలు పై వరసకు కూడా దొరుకుతాయి. అందుకని నేను ఎత్తు కాళ్ళ పట్టెమంచం చేయిస్తాను. ముందువైపు దుప్పటి అంచు జానెడు మాత్రమే వేలాడాలి, వెనకవైపు నేలదాకా ఉండాలి. వెనకవైపు ఎందుకంటే గిరీశం జారుకోవడానికి దారి అటే, ఆ దారి ముందే కనిపించకూడదు. మంచం గోడకు ఆనించకూడదు, వెనక మూడడుగులు వదలాలి. పూటకూళ్ళమ్మ చీపురు తిప్పడానికి పక్కన కనీసం ఐదడుగులు వదలాలి, పాపం ఆవిడ పని అదే కదా.

ఇప్పుడు గుమ్మం. పూటకూళ్ళమ్మ వచ్చే గుమ్మానికీ మంచానికీ మధ్య దూరం ఎంత? మరీ దగ్గరైతే గిరీశానికి దూరడానికి సమయం చాలదు, మరీ దూరమైతే కంగారు ఉండదు. తలుపు చప్పుడు అయ్యాక రెండు మాటలు అని మంచం కిందికి పోయేంత దూరం. ఇది టేపుతో కొలవలేం, నటుణ్ణి పరిగెత్తించి కొలవాలి. మన దగ్గర నటులు రిహార్సల్ ఒక గదిలో చేస్తారు, సెట్టు ఇంకో ఊళ్ళో తయారవుతుంది, రెండూ కలిసేది ప్రదర్శన రోజున. దీనికి ఖర్చులేని మందు ఒకటుంది. రిహార్సల్ మొదటిరోజే నేల మీద సుద్దముక్కతో గుమ్మాలు, గోడలు, మంచం అసలు కొలతల్లో గీసెయ్యండి. గోడ మీదుగా నడిచే నటుణ్ణి అక్కడే పట్టుకోవచ్చు.

అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో కథ వేరు. రెండో అంకంలో ఇంటావిడ వెంకమ్మ నూతిలో పడుతుంది. మనకు నుయ్యి కనిపించనక్కర్లేదు. అందరూ పెరటి గుమ్మంలోంచి ఒక్కసారిగా పరిగెత్తాలి. ఉత్తరాంధ్ర అగ్రహారం ఇల్లంటే పెంకుటిల్లు, వీధి అరుగు, నడవ, మండువా, వెనక దొడ్డి. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి వెలుతురు కనిపించే ఇళ్ళు అవి. నేనైతే పెరటి గుమ్మాన్ని నడిమి గోడలో, వీధి గుమ్మానికి ఎదురు కోణంలో పెట్టి, వెనక ఒక్క అరటి ఆకు, గట్టి తెల్లటి వెలుతురు ఉంచుతాను. ఆ గుమ్మం ఒక్కటి సాధారణం కంటే వెడల్పు, నాలుగడుగులు. నలుగురు ఒక్కసారి పరిగెత్తి ఇరుక్కుంటే జనం నవ్వుతారు, అది నవ్వవలసిన చోటు కాదు.

మండువా మనకు ఇంకో వరం ఇస్తుంది. ఇంటి నడుమ ఆకాశం ఉంటుంది కాబట్టి పైనుంచి వెలుతురు దింపడానికి కారణం దొరుకుతుంది. నాలుగు చెక్క స్తంభాలు, పైన చూరు అంచు ఒకటి. అవే స్తంభాలు అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో మండువా, లుబ్ధావధాన్లు ఇంట్లో వీధి అరుగు, రామప్పపంతులు ఇంట్లో చావడి. స్తంభాలు కదలవు, వాటి మధ్య సామాను కదులుతుంది. సౌజన్యారావు గారి గదికి మాత్రం అవి వెలుతురులోంచి తప్పుకోవాలి. అక్కడ బల్ల, కుర్చీలు, పుస్తకాల బీరువా ముందుకు తెచ్చి, దీపం బల్ల మీదే నిలిపేస్తే చాలు. బొంకులదిబ్బకైతే తెర ముందు ఖాళీ జాగా సరిపోతుంది. సురభి వాళ్ళ వీధి దృశ్యం పద్ధతే. గిరీశం తనలో తాను మాట్లాడుకుంటుంటే వెనక మంచం చేరుతుంది.

ఇక సర్దుబాటు, అంటే సెట్టులో వస్తువులు అమర్చడం. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా దొరికిపోతారు. 1890ల నాటి ఇంట్లో స్టీలు చెంబు ఉండదు, ఇత్తడి, రాగి, కంచు ఉంటాయి. నులక మంచానికి నైలాను తాడు అల్లకూడదు. గోడకు అచ్చుపోసిన లక్ష్మీదేవి పటం పెడుతున్నారా? చిత్రకారుడు రవివర్మ బొంబాయి దగ్గర ముద్రణాలయం పెట్టింది 1894లో. మొదటి ప్రదర్శన నాటికి ఆ రంగుల పటాలు లేవు. మీరు కథాకాలం ఆ తర్వాతిదని లెక్కవేసుకుంటే మధురవాణి గదిలో ఒకటి పెట్టవచ్చు, ఆమెకు అలాంటి కొత్త సరుకు నప్పుతుంది కూడా. లుబ్ధావధాన్లు ఇంట్లో మాత్రం పెట్టకండి. ఆయన డబ్బు పెట్టి పటం కొనే మనిషా? ఆయన ఇంట్లో వస్తువులు తక్కువ, తాళాలు ఎక్కువ ఉండాలి. పెట్టెకు తాళం, బీరువాకు తాళం, కొట్టుగదికి తాళం. ఒక్క మాట చెప్పకుండానే మనిషి తెలిసిపోతాడు.

గోడలు కూడా మాట్లాడతాయి. మన పాత ఇళ్ళ గోడకు పైన వెల్ల, కింద ఎర్రటి కావి పట్టీ. ఆ పట్టీ ఎత్తు, దాని మీద మరకలు, మనుషులు చెయ్యి వేసే చోట జిడ్డు, దీపం గూటి పైన మసి: ఇవి పెడితే ఇల్లు. పెట్టకపోతే పెళ్ళి మండపం. గడపకు పసుపు రాసి బొట్లు పెట్టండి. కానీ రోజూ తొక్కే గడప మధ్యలో పసుపు చెరిగి ఉంటుంది, అంచుల్లో నిలుస్తుంది. ఆ చెరుపు కూడా మీరే గీయాలి.

తయారీ గురించి త్వరగా చెప్పేస్తాను, మధ్యాహ్నం మీరే చేతులతో చేస్తారు కాబట్టి. గోడ అంటే రీపర్లతో, అంటే సన్నటి చెక్క బద్దలతో, కట్టిన చట్రం, దాని మీద బిగించిన గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ. నాలుగడుగుల వెడల్పు దాటించకండి, మోసేవాడికి, వ్యాను తలుపుకు అదే హద్దు. ఎత్తు పదడుగులైతే మధ్యలో అడ్డకర్ర, మూలల్లో ప్లైవుడ్ ముక్కలు తప్పనిసరి. గుడ్డ మీద పలచటి జిగురులో సుద్దపొడి కలిపి ఒక పూత పూస్తే గుడ్డ బిగుసుకుంటుంది, రంగు పీల్చుకోదు. చట్రాలను మేకులతో కలపకండి. మడత బందులు, అంటే తలుపులకు వేసే కీళ్ళు, వేసి వాటి పుల్ల ఊడిపోయేలా చేయించండి. పుల్ల దూర్చితే గోడ, లాగితే రెండు ముక్కలు. వెనక ముక్కోణపు ఊత, దాని మీద ఇసుక మూట.

గుమ్మం చట్రాన్ని మాత్రం గుడ్డ గోడకు కట్టకండి, దానికి సొంత ఊత ఉండాలి. లేకపోతే కోపంగా తలుపు వేసి వెళ్ళిన ప్రతిసారీ తాతగారి ఫోటో ఊగుతుంది, ఏడుపు దృశ్యం కాస్తా నవ్వులపాలవుతుంది. తలుపు వేదిక మీదికి కాకుండా బయటికి తెరుచుకోవాలి. బందులు ప్రేక్షకులకు దూరంగా ఉన్న అంచుకు ఉండాలి. అప్పుడు తలుపు తీసిన మనిషి ముఖం మనకు దొరుకుతుంది, తలుపు చాటున పోదు. మెట్టు ఆరంగుళాలు మించనివ్వకండి. మీ నటులు ప్యాంట్లలో రిహార్సల్ చేసి, పంచె కట్టుకుని నాటకం ఆడతారని మరచిపోకండి.

రంగు విషయంలో ఒకే ఒక్క నియమం: దీపం కింద చూడకుండా ఏ రంగూ ఖాయం చేయకండి. పగటి వెలుతురులో ముచ్చటగా ఉన్న ఎర్రటి కావి పట్టీ నీలి దీపం కింద నల్లగా కనిపిస్తుంది. రాత్రి దృశ్యంలో గోడకు పెద్ద నల్ల గాటు పడ్డట్టు ఉంటుంది. స్వచ్ఛమైన తెలుపు ఎప్పుడూ వద్దు. దీపం పడగానే గోడ ముందుకు వచ్చి నటుడి ముఖాన్ని వెనక్కి నెడుతుంది. తెలుపులో కాస్త పచ్చమన్ను రంగు, చిటికెడు నలుపు కలిపితే ప్రేక్షకుడికి అది సున్నం గోడే, నటుడికి మాత్రం ఊపిరి ఆడుతుంది. దీపాల మనిషిని మొదటి రోజునుంచే పక్కన కూర్చోబెట్టుకోండి. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో బెంగాలీ నాటక దర్శకుడు ఉత్పల్ దత్ బృందం అంగార్ నాటకం ఆడినప్పుడు, బొగ్గుగనిలోకి నీళ్ళు వచ్చి మనుషులు మునిగిపోయే దృశ్యాన్ని తాపస్ సేన్ వెలుతురుతో సృష్టించారు. చుక్క నీరు లేకుండా ప్రేక్షకులకు ఊపిరి సలపకుండా చేశారు. సెట్టు వేసేవాడు, దీపం వేసేవాడు ఒకరి పని ఒకరు చూసుకోకుండా ఉంటే అది జరిగే పనేనా?

హాలుకు వెళ్ళగానే చేయవలసిన పని ఒకటుంది. ముందు వరస రెండు చివరి కుర్చీల్లోనూ కూర్చుని చూడండి. ఎడమ చివర కూర్చున్నవాడికి కుడి పక్క తెర సందులోంచి చొక్కా మార్చుకుంటున్న దుర్యోధనుడు కనిపిస్తాడు. ఆ కుర్చీ కాలికి పురికొస కట్టి వేదిక అంచు మీదుగా లాగితే చూపు ఎక్కడిదాకా పోతుందో తెలిసిపోతుంది. ఆ గీత దాకా నల్ల గుడ్డ నిలబెట్టండి. తర్వాత వెళ్ళి చివరి వరసలో కూర్చోండి. తాతగారి ఫోటో తల తెగకుండా కనిపిస్తోందా చూడండి.

ఎల్‌ఈడీ తెరల గురించి ఎవరో చీటీ పంపారు. పద్యనాటకాల్లో ఇప్పుడు అది బాగా ప్రవేశించింది. హరిశ్చంద్ర కాటిసీనులో వెనక నిజమైన మంటలు కదులుతుంటే జనం ముచ్చటపడుతున్న మాట నిజం. నేను దానికి శత్రువును కాను. కానీ అది బొమ్మ మాత్రమే కాదు, దీపం కూడా. వెనకనుంచి అంత వెలుతురు పడితే ముందున్న నటుడి ముఖం నల్లబడుతుంది. ముఖం కనిపించడానికి ముందు దీపాలు పెంచితే శ్మశానం కాస్తా మిట్టమధ్యాహ్నం అవుతుంది. వాడదలిస్తే తెర వెలుతురు బాగా తగ్గించండి, కదిలే బొమ్మ బదులు నిలకడ బొమ్మ పెట్టండి, నటుణ్ణి దానికి కనీసం ఎనిమిది, పదడుగుల ముందు నిలబెట్టండి. హరిశ్చంద్రుడు రాగం తీస్తున్నప్పుడు వెనక మంటలు కదిలితే కన్ను మంట వైపే పోతుంది. పద్యం ఎవరు వింటారు? ఇంకో సంగతి, కరెంటు పోతే ఆ శ్మశానం మొత్తం ఆరిపోతుంది. గీసిన తెర అయితే పెట్రోమాక్సు వెలుతురులో కూడా పనిచేసింది.

చివరగా సామాను విప్పడం గురించి. నాటకం అయిపోగానే అందరూ ఫోటోలకు వెళ్ళిపోతారు, సెట్టు విప్పేది ఇద్దరే. అలా కుదరదు. వేషం తీసేసిన ప్రతి నటుడూ ఒక్క ముక్క మోయాలి, రామప్పపంతులు వేషం కట్టినాయనతో సహా. ప్రతి చట్రం వెనక రంగుతో అంకె రాసి ఉంచండి: ఎడమ 1, ఎడమ 2, నడిమి 1, ఇలా. వ్యానులో చివర నిలబెట్టాల్సినవి ముందు ఎక్కించండి, ముందు నిలబెట్టాల్సినవి చివర ఎక్కించండి. బందుల పుల్లలన్నీ ఒకే డబ్బాలో వేసి, ఆ డబ్బా బాధ్యత ఒక్క మనిషికే అప్పగించండి. ఎక్కడికి వెళ్ళినా చెక్క దొరుకుతుంది, గుడ్డ దొరుకుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఆ పుల్లలు మాత్రం దొరకవు.

వెనక ఆవరణలో రీపర్లు దించారు. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి. లేనివాళ్ళు వెళ్ళి నేల మీద ఆ మంచం, ఆ గుమ్మం సుద్దతో గీయడం మొదలుపెట్టండి. పూటకూళ్ళమ్మ వేషానికి ఒకరు కావాలి, చీపురు నేను తెచ్చాను.